జుట్టు పరీక్ష కంటే ముందు చేయించాల్సినవి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బాబుకి ఇప్పుడు ఏడేళ్లు. నాలుగున్నరేళ్లప్పుడు శిశుగృహ నుంచి మీ ఇంటికి వచ్చాడు. మొదటి ఏడు నెలలు ఇంత నెమ్మదైన పిల్లవాడు ఉండడనుకున్నారు. ఆ తర్వాత మొదలైంది. బడిలో పిల్లల్ని కొడుతున్నాడు, చిన్నదానికీ అబద్ధం చెబుతున్నాడు, బిస్కెట్లూ అన్నం ముద్దలూ దాచుకుంటున్నాడు, రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నాడు, దారిన పోయేవాళ్లు పిలిచినా వెంట వెళ్లిపోతున్నాడు. ఎవరో చెబితే ఒక సెంటర్‌కి వెళ్లారు. జుట్టు పరీక్ష, ఏ తిండి పడదో చెప్పే ఐజీజీ పరీక్ష, మలంలో బ్యాక్టీరియా పరీక్ష, జన్యు పరీక్ష, చేతిలో కడ్డీ పట్టించి చేసే బాడీ స్కాన్, అన్నీ కలిపి 38 వేల ప్యాకేజీ అన్నారు. పరీక్షలు చేయకముందే ఆరు డబ్బాల సప్లిమెంట్లు చేతిలో పెట్టారు. ప్యాకేజీ తీసుకోవాలా, డబ్బాలు వాడాలా అని మీరు అడిగారు.

నా గురించి రెండు మాటలు చెబుతాను, నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోవచ్చు. 22 ఏళ్లు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్‌గా పనిచేశాను. మా అమ్మాయి కూడా శిశుగృహ నుంచే వచ్చింది, అప్పుడు దానికి మూడేళ్ల ఎనిమిది నెలలు. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పదేళ్లుగా పిల్లల్ని దత్తత తెచ్చుకున్న అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను, మందు మోతాదులు మీ పిల్లల డాక్టరే చెప్పాలి. కానీ ఏ పరీక్ష దేన్ని కొలుస్తుంది, దేన్ని కొలవలేదు అన్నది నేను ఇన్నేళ్లూ చేసిన పని.

ప్యాకేజీ తీసుకోవద్దు. ఆ డబ్బులో కొద్ది భాగంతో అయిపోయే మామూలు పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం ఈ నెలలోనే చేయించండి. ఆ డబ్బాల్లో ఒకటో రెండో పనికొస్తే రావచ్చు, మిగతావి ఆపేయండి. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు జుట్టు పరీక్ష. జుట్టులో ఖనిజాలు ఉండే మాట నిజం, వాటిని కొలవగలమన్న మాటా నిజం. కానీ ఆ అంకె ఒంట్లోని సంగతి చెబుతుందా అంటే, అక్కడే చిక్కు. దుమ్ము, బోరు నీళ్లు, తలనూనె, షాంపూ అన్నిటి ఆనవాళ్లూ జుట్టుకి పడతాయి. చుండ్రు షాంపూల్లో కొన్నిటిలో సెలీనియం, కొన్నిటిలో జింక్ ఉంటాయి. 2001లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న ఒకే మనిషి జుట్టును పంచి ఆరు ల్యాబ్‌లకు పంపి చూశారు. 12 ఖనిజాల్లో ఒక ల్యాబ్ అంకెకీ ఇంకో ల్యాబ్ అంకెకీ పది రెట్లకు పైగా తేడా వచ్చింది. ఒకే తల, ఒకే జుట్టు. మన పిల్లల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. సరైన తిండి లేక జింక్ బాగా తగ్గిన పిల్లల్లో జుట్టు పెరగడమే నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు ఉన్న కొంచెం జుట్టులో జింక్ మామూలుగానో, ఎక్కువగానో కూడా కనబడొచ్చు. అంటే నిజంగా లోటు ఉన్న పిల్లవాడికే ‘లోటు లేదు’ అని రిపోర్ట్ రావచ్చు.

‘మా ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంది’ అని ఆ సెంటర్ వాళ్లు చెప్పి ఉంటారు, ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ అది. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను: ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు, పరీక్ష పరీక్షకీ విడిగా ఉంటుంది. రక్తం కౌంట్‌కి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి జుట్టు పరీక్షకి ఉండకపోవచ్చు. ‘మీ గుర్తింపు జాబితాలో ఈ పరీక్ష ఉందా, చూపించండి’ అని అడగండి.

ఐజీజీ పరీక్ష గురించి చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మేమూ మీలాగే నిద్రలు లేక, బడి నుంచి రోజూ ఫోన్లు వస్తుంటే తట్టుకోలేక ఒకచోటికి వెళ్లాం. ఐజీజీ అనేది మనం తరచూ తినే తిండికి ఒంట్లో మామూలుగా తయారయ్యే యాంటీబాడీ. అది ఉంటే ఆ తిండి తింటున్నారని అర్థం, పడలేదని కాదు. అమెరికా, కెనడా, యూరప్ అలర్జీ నిపుణుల సంఘాలన్నీ ఈ పరీక్ష చేయించవద్దనే చెప్పాయి. అసలైన అలర్జీకి చూసేది ఐజీఈ, అదీ లక్షణాలు ఉన్నప్పుడే. ఇదంతా నాకు ఉద్యోగరీత్యా తెలుసు. తెలిసి కూడా చేయించాను, ఎందుకంటే ఎవరో ఒకరు కారణం చూపిస్తామన్నారు. రిపోర్ట్‌లో పాలు, గోధుమ, గుడ్డు, వేరుశనగ ఎర్ర గీతల్లో వచ్చాయి. మా ఇంట్లో రోజూ తినేవే అవి. నాలుగూ మానిపించాం.

మూడో వారం దిండు గలేబు మారుస్తుంటే అందులో ఎండిపోయిన ఇడ్లీ ముక్క, మూడు బిస్కెట్లు, నల్లబడిన సగం అరటిపండు దొరికాయి. ఇంటికొచ్చిన కొత్తలో అలా దాచేది. రెండేళ్ల కిందటే మానేసింది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే అది నన్నే అడిగింది: ‘అమ్మా, నేనేం తప్పు చేశాను? నాకు పాలు ఎందుకివ్వట్లేదు?’ ఆ రాత్రే పాలు కాచి ఇచ్చాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. ఆకలి చూసిన పిల్లవాడికి, గంట కొడితేనే పళ్లెం ముందుకొచ్చే చోట పెరిగిన పిల్లవాడికి, తిండి తీసేయడం ఒక వైద్య ప్రయోగంలా అనిపించదు. మళ్లీ పాత రోజులు వచ్చేశాయని అనిపిస్తుంది. మీ బాబు ఇప్పుడే అన్నం ముద్దలు దాచుకుంటున్నాడు. కాగితం మీద వచ్చిన ఎర్ర గీతల్ని పట్టుకుని వాడి పళ్లెంలోంచి ఏదీ తీయవద్దు. గోధుమ మీద నిజంగా అనుమానం ఉంటే, అంటే ఎదుగుదల లేకపోవడం, తరచూ విరేచనాలు, పొట్ట ఉబ్బరం, ఎంతకీ తగ్గని రక్తహీనత ఉంటే, టీటీజీ-ఐజీఏ అనే రక్త పరీక్ష ఉంది. అది సీలియాక్ జబ్బుకి, అంటే గోధుమ తింటే పేగు దెబ్బతినే జబ్బుకి చేసేది. పిల్లవాడు గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ముందే మానిపిస్తే జబ్బున్నా పరీక్షలో కనబడకుండా పోతుంది. ప్యాకేజీల వాళ్లు ముందు మానిపించి మనకి ఈ దారి కూడా మూసేస్తారు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మలంలో బ్యాక్టీరియా జాబితా చూసి పిల్లవాడి కోపానికి కారణం చెప్పే శాస్త్రం ఇంకా తయారు కాలేదు. అదే మలాన్ని మామూలు ల్యాబ్‌లో పురుగుల గుడ్లు, జియార్డియా అనే పరాన్నజీవి కోసం చూపిస్తే పనికొస్తుంది, ఖర్చు కూడా కొంచెమే. జన్యు పరీక్షలో వాళ్లు చూపించే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువులోని మార్పు చాలామంది ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది, ప్రవర్తనకి దాన్ని ముడిపెట్టి విటమిన్లు అమ్మడానికి ఆధారం లేదు. మూత్రంలో సెరటోనిన్ అనే రసాయనం చూసి మెదడు గురించి చెబుతామంటారు. ఒంట్లో సెరటోనిన్‌లో ఎక్కువ భాగం పేగుల్లో తయారయ్యేది, మూత్రంలో ఉన్నది మెదడు సంగతి చెప్పదు. చేతిలో కడ్డీ పట్టుకుంటే 40 పేజీల రిపోర్ట్ ఇచ్చే స్కాన్, వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పే డీఎంఐటీ, ఈ రెండూ మన ఊళ్లలో బాగా తిరుగుతున్నాయి. వాటి దగ్గర డబ్బు కంటే నాకు భయం వేసేది ‘ఈ పిల్లవాడి స్వభావమే ఇంత’ అని రాసిచ్చే ముద్ర. ‘ఎవరి రక్తమో’ అనడానికి చుట్టాలు ముందే సిద్ధంగా ఉంటారు, వాళ్ల చేతికి ఇంకో కాగితం ఇవ్వకండి.

ఒక్కదాని దగ్గర మాత్రం ప్రాణానికే ముప్పు ఉంది, అది చెప్పకుండా ముందుకు వెళ్లను. లోహాలు బయటికి లాగే మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పరీక్షించి ‘విష లోహాలు ఎక్కువున్నాయి’ అంటారు. ఆ మందు వేసుకుంటే ఎవరి మూత్రంలోనైనా లోహాలు మామూలు కంటే ఎక్కువే వస్తాయి. అమెరికాలోని విషవైద్య నిపుణుల సంఘం ఇలాంటి పరీక్ష చేయొద్దని 2009లోనే చెప్పింది. ఆ రిపోర్ట్ చూపించి తర్వాత కీలేషన్ చికిత్స అంటారు. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ఆ చికిత్సలో రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. ఎవరైనా కీలేషన్ మాట ఎత్తితే లేచి వచ్చేయండి.

అలాగని సీసం భయం ఉత్తదని నేను అనడం లేదు. 2020లో యునిసెఫ్ చేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటర్‌కి 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉంది, అందులో మన దేశం వాటా చాలా పెద్దది. మన దగ్గర పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, పాత గోడలూ కిటికీలూ అలాగే ఉన్నాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, కల్తీ పసుపు, కాటుక, కొన్ని రసౌషధాలు కూడా దారులే. సీసం నిజంగానే పిల్లల్లో చురుకు తగ్గిస్తుంది, కోపం పెంచుతుంది. మీ బాబు పుట్టి నాలుగున్నరేళ్లు ఎక్కడెక్కడ ఉన్నాడో మీకు పూర్తిగా తెలియదు కాబట్టి ఈ పరీక్ష అడగడం న్యాయమే. అయితే సిర నుంచి తీసిన రక్తంలో చేయించాలి, జుట్టులోనో మూత్రంలోనో కాదు.

ఇక తప్పకుండా చేయించాల్సినవి. నా లెక్కలో మొదటిది చెవి, కన్ను, ముక్కు. మన పిల్లల్లో కొందరికి చిన్నప్పుడు చెవిలో చీము వచ్చి, ఎవరూ పట్టించుకోక వినికిడి తగ్గి ఉంటుంది. వినబడని పిల్లవాడు పిలిస్తే పలకడు, మాట వినడు, తరగతిలో తన్నుకుంటాడు. వాడికి ‘మొండి’ అని పేరు పడుతుంది. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించండి. చూపు పరీక్ష చేయించండి. రాత్రి గురక పెడుతున్నాడా, నోరు తెరిచి నిద్రపోతున్నాడా, తెల్లవారికి పక్క తడుస్తోందా చూడండి. మా అమ్మాయికి అడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే కండ, పెరిగి ఉండేవి. రాత్రంతా ఊపిరి సరిగ్గా అందక నిద్ర చెడి, పగలంతా అది కోపంగా ఉండేది. మేము ఇన్ని రిపోర్టులు చేయించాం కానీ ముక్కు చెవి గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఏడాదిన్నర పట్టింది.

రెండోది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇళ్లలో పెరిగే పిల్లల సంగతే ఇది, ఇక తక్కువ బరువుతో పుట్టి తల్లిపాలు లేకుండా పెరిగిన పిల్లల సంగతి మీరే ఊహించుకోండి. ఇనుము తగ్గితే చిరాకు, దేని మీదా ధ్యాస నిలవకపోవడం, రాత్రి కాళ్లు కొట్టుకుంటూ నిద్ర పట్టకపోవడం, మట్టి, సుద్ద తినడం ఉంటాయి. హీమోగ్లోబిన్ ఒక్కటే చూపించి ‘బాగానే ఉంది’ అనుకోవద్దు. హీమోగ్లోబిన్ పడకముందే నిల్వలు ఖాళీ అవుతాయి. ఆ నిల్వల్ని చూపించే ఫెరిటిన్ అనే పరీక్ష అడగండి. ఐదేళ్లు దాటిన పిల్లవాడికి 15 కంటే తక్కువుంటే ఇనుము నిల్వలు లేనట్టే. జలుబో జ్వరమో ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా పైకి పోతుంది, అందుకే దాంతోపాటు ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ కూడా చేయించాలి. మా అమ్మాయి ఫెరిటిన్ 6. హీమోగ్లోబిన్ మాత్రం 11.6, ఆ వయసుకి హద్దు 11.5 కాబట్టి అప్పటిదాకా అందరూ ‘నార్మల్’ అని పంపించేశారు.

వీటితోపాటు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి, మామూలు రక్తం కౌంట్. దత్తత కాగితాల్లో బాబు వైద్య పరీక్షల రిపోర్ట్ ఉంటుంది కదా, అది డాక్టర్‌కి చూపించి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు ఏ వయసులో చేశారో, మళ్లీ చేయాలా అని అడగండి. మధ్య మధ్యలో కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకుండా ఉండిపోతున్నాడా? అలా ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, కొన్ని రకాల ఫిట్స్ అలాగే ఉంటాయి. కన్నతల్లి గర్భంతో ఉన్నప్పుడు మద్యం తాగేదన్న మాట కాగితాల్లో ఎక్కడైనా ఉంటే దాచకుండా చెప్పాలి. దాని ప్రభావం పిల్లవాడి తెలివి మీదా, ఆవేశం మీదా జీవితమంతా ఉండొచ్చు. దాన్ని చెప్పే రక్త పరీక్ష ఏదీ లేదు. ముఖం, ఎదుగుదల, నేర్చుకునే తీరు చూసి అనుభవం ఉన్న డాక్టరే గుర్తించాలి.

ఇంకొకటి, శిశుగృహలో రాసిన పుట్టినతేదీ చాలాసార్లు అంచనానే. ఏడేళ్లు అనుకుంటున్న బాబుకి ఆరేళ్లే అయి ఉండొచ్చు. అప్పుడు ‘వయసుకి తగ్గట్టు లేడు’ అన్న మాట తీరే మారిపోతుంది. ఆడపిల్లలున్న తల్లులు చదువుతుంటే వాళ్లకీ ఒక మాట: మన దేశం నుంచి స్వీడన్‌కి దత్తత వెళ్లిన ఆడపిల్లల మీద 1991లో వచ్చిన పరిశోధనలో వాళ్లు సగటున 11.6 ఏళ్లకే రజస్వల అయ్యారని తేలింది, అక్కడి పిల్లలకు అది దాదాపు 13 ఏళ్లు. తిండి లేక ఆగిన ఒళ్లు ఒక్కసారిగా ఎదిగినప్పుడు ఇలా జరగొచ్చు. ఏడెనిమిదేళ్ల పాప ఉన్నట్టుండి ఏడవడం, అరవడం మొదలుపెడితే, ఎదుగుదల గుర్తులు కనబడితే, పిల్లల హార్మోన్ డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు సప్లిమెంట్లు. రిపోర్ట్‌లో లోటు కనబడితే ఆ లోటు తీర్చడం వైద్యం. అంకె లేకుండా ఆరు డబ్బాలు మొదలుపెట్టడం చీకట్లో చెయ్యి పెట్టడం. ఇనుము తక్కువుంటే డాక్టర్ రాసిన సిరప్ నెలల తరబడి ఇవ్వాలి. టీతో, పాలతో కలిపి ఇవ్వకూడదు, కాస్త నిమ్మరసమో జామపండో ఉంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు. సీసా మాత్రం పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి, ఒకేసారి ఎక్కువ తాగేస్తే ప్రాణం పోతుంది. తిండి, తీపి దాచుకునే పిల్లవాడున్న ఇంట్లో ఈ జాగ్రత్త మామూలు ఇళ్ల కంటే ఎక్కువ కావాలి. ప్రభుత్వ బడి అయితే ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికోసారి గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇస్తారు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. మింగుతున్నాడా, ఉమ్మేస్తున్నాడా టీచర్‌ని కనుక్కోండి.

విటమిన్ డి సాచెట్ ఒక్కోదానిలో 60,000 యూనిట్లు ఉంటాయి. మీ బాబు వయసుకి రోజుకి కావాల్సింది 600. అంటే ఒక్క సాచెట్ 100 రోజుల లెక్క. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాసిన చీటీని నెలల తరబడి తిప్పి తిప్పి వాడే ఇళ్లు నేను చాలా చూశాను. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చిరాకు వస్తాయి. ఆ చిరాకు చూసి మళ్లీ ఇంకో సప్లిమెంట్ ఇస్తారు. జింక్ ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో ఇస్తే ఒంటికి రాగి అందక రక్తహీనత వస్తుంది. బి6 ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి. విటమిన్ కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి.

ఒమేగా-3 గురించి నిజాయితీగా చెప్పాలి. ధ్యాస, కుదురు నిలవని పిల్లల మీద, అంటే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధనల్ని 2011లో కలిపి చూస్తే కొద్దిపాటి మేలు కనబడింది, మందుతో పోలిస్తే బాగా తక్కువ. చేప తినే ఇల్లయితే వారానికి రెండుసార్లు చేపల పులుసు పెట్టండి. తినని ఇల్లయితే డాక్టర్‌ని అడిగి మూడు నెలలు వాడి చూడొచ్చు. నిద్రకని మెలటోనిన్ గమ్మీలు ఎవరైనా చెబితే జాగ్రత్త. 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, ఒకదాంట్లో రాసినదానికి మూడున్నర రెట్లు ఉంది. మన దేశంలో సప్లిమెంట్లు ఆహారం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చూసేవి. డబ్బా మీద ఆ లైసెన్స్ నంబరు ఉంటే అమ్మడానికి అనుమతి ఉందని అర్థం, జబ్బు తగ్గిస్తుందని ఎవరూ తేల్చినట్టు కాదు. ఆయుర్వేదం పేరుతో తెలిసినవాళ్లు ఇచ్చే భస్మాల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. 2004లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఎక్కువగా ఉందని తేలింది. సీసం భయంతో మొదలుపెట్టి సీసమే తాగించే పరిస్థితి రాకూడదు.

ఏది వాడినా ఒకసారికి ఒకటే మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్‌లో రోజూ మూడే విషయాలు రాయండి: రాత్రి ఎన్నిసార్లు లేచాడు, బడిలో ఎన్ని గొడవలు, ఎంతసేపట్లో శాంతించాడు. మందు మొదలుపెట్టకముందు మూడు వారాలు, తర్వాత రెండు నెలలు. వీలైతే ఎప్పుడు మొదలుపెట్టారో టీచర్‌కి చెప్పకుండా ఆమెను అడగండి. ఎందుకంటే మన పిల్లల ప్రవర్తన అలలా ఉంటుంది. మనం పరుగెత్తి డబ్బా కొనేది అల పైకి లేచిన వారంలోనే. అది దానంతటదే దిగినా, దింపింది డబ్బానే అనుకుంటాం.

ఇప్పుడు ఏ ల్యాబ్‌లోనూ కొలవలేని సంగతి. రుమేనియాలో చౌషెస్కు పాలన 1989 డిసెంబరులో కూలాక అక్కడి అనాథాశ్రమాల్లో పిల్లల స్థితి ప్రపంచానికి తెలిసింది. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలతో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు, మిగతావాళ్లకు ఆశ్రమ సంరక్షణే కొనసాగింది. రెండేళ్లలోపు కుటుంబంలోకి వచ్చినవాళ్లకు మనుషులతో అనుబంధం బాగా కుదిరింది. ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం మాత్రం ఇంట్లోకి వచ్చాక కూడా చాలామందిలో మిగిలాయి. మీ బాబు నాలుగున్నరేళ్లకి వచ్చాడు. షిఫ్టు మారినప్పుడల్లా మారే ఆయమ్మలు, ఎవరు ఎత్తుకుంటే వాళ్లే అమ్మ. దారిన పోయేవాళ్ల వెంట వెళ్లిపోవడం అక్కడ నేర్చుకున్న బతుకు తెరువు. ఇది మీ పెంపకంలో లోపం కాదు, వాడి రక్తంలో దోషం కాదు, విటమిన్ లోటూ కాదు.

మొదటి ఏడు నెలల నెమ్మది సంగతి కూడా అదే. ఆ రోజుల్లో వాడు మీ ఇంట్లో చుట్టంలా ఉన్నాడు. ఇప్పుడు కొడుతున్నాడు, అరుస్తున్నాడు అంటే మీరు పంపించేయరేమోనన్న నమ్మకం కొంచెం మొదలైందన్నమాట, దాన్ని పదేపదే పరీక్షించి చూసుకుంటున్నాడు. అందుకే కోపంలో కూడా ‘నిన్ను మళ్లీ అక్కడికి పంపించేస్తాం’ అనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, మీ అత్తయ్యగారికీ ఇది చెప్పండి. గదిలో ఒంటరిగా కూర్చోబెట్టే శిక్ష మన పిల్లలకు పనిచేయదు. పక్కనే కూర్చుని, మాట్లాడకుండా, వాడు శాంతించేదాకా ఉండండి. వాడికి అందే ఎత్తులో ఒక బుట్ట పెట్టి అందులో అరటిపండ్లు, మరమరాలు, బిస్కెట్లు ఎప్పుడూ ఉంచండి, అడక్కుండా తీసుకోవచ్చని చెప్పండి. ఆ బుట్ట ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు. మా ఇంట్లో అది నాలుగేళ్లు ఉంది. మొదటి నెల రోజుకి మూడుసార్లు నింపాను, ఆ తర్వాత అరటిపండ్లు కుళ్లిపోవడం మొదలైంది. పండు కుళ్లిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను.

ఎవరికి చూపించాలి అంటే, పిల్లల ఎదుగుదల, ప్రవర్తన చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ లేదా పిల్లల సైకియాట్రిస్ట్. చాలా జిల్లాల్లో ప్రభుత్వ ఆస్పత్రిలో డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, వినికిడి, మాట, ప్రవర్తన అక్కడ ఒకేచోట చూస్తారు. హైదరాబాద్ రాగలిగితే నిలోఫర్ ఆస్పత్రి, నేర్చుకోవడంలో ఇబ్బంది అనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ ఉన్నాయి. రాత్రివేళ మీకే తట్టుకోలేనంత టెన్షన్ వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి వచ్చే అధికారికి మీరు ఇవన్నీ చెప్పారో లేదో నాకు తెలియదు. చాలామంది బిడ్డను తీసుకెళ్లిపోతారేమోనని భయపడి ‘అంతా బాగుంది’ అని రాయించేస్తారు. గడువు దాటినా సంస్థకి ఫోన్ చేసి కౌన్సెలింగ్ అడగండి. నిబంధనల ప్రకారం అది మీకు రావాల్సిన సాయం. అన్నీ చూశాక డాక్టర్ ఏడీహెచ్‌డీ మందు రాస్తే దానికీ భయపడొద్దు, ఎంతో కాలంగా పరిశోధనలు జరిగిన మందులవి.

ఇంట్లో ఉన్న ఆరు డబ్బాల సంగతి. ఆరూ బల్ల మీద పెట్టి వెనక లేబుళ్లు ఫోటో తీయండి. విటమిన్ డి, జింక్, బి6 ఎన్నెన్ని డబ్బాల్లో ఉన్నాయో చూసి కూడండి, ఒకటే పదార్థం మూడు పేర్లతో మూడు డబ్బాల్లో ఉండటం మామూలే. పేరు మాత్రమే రాసి మోతాదు రాయని డబ్బా ఉంటే అది ఇక తెరవద్దు. మిగతావి డాక్టర్ చూసేదాకా ఆపండి. వాటితోపాటు బాబుకి వేరే ఏ మందైనా వాడుతుంటే అది డాక్టర్‌కి ముందే చెప్పండి. సోమవారం పరగడుపున రక్తం ఇప్పించండి, ఆ వారంలో జలుబు, జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగండి. రిపోర్ట్ వచ్చాక ఫెరిటిన్, సీఆర్‌పీ రెండు అంకెలూ ఇక్కడ రాయండి, చూసి డాక్టర్‌ని ఏం అడగాలో చెబుతాను.